పన్ను తీయించుకునే ముందు కీళ్లవాతం మందులు ఆపాలా?

ఏళ్ల తరబడి మందులు వాడేవారు దంత వైద్యానికి వెళ్లే ముందు సొంతంగా మాత్రలు మానేయడం తరచూ జరిగేదే. ఆ ముందుజాగ్రత్త వల్ల పంటికి ఒరిగే మేలు కంటే ఒంటికి జరిగే కీడే చాలాసార్లు ఎక్కువ. ఎందుకో తెలియాలంటే ఒక్కో మందు శరీరంలో ఎంతకాలం ఉంటుందో చూడాలి.

యాభై రెండేళ్ల గృహిణి ఒకామెను ఊహించుకుందాం. ఎనిమిదేళ్లుగా ఆమెకు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే వాడుకలో కీళ్లవాతం. ప్రతి ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, పొద్దున టిఫిన్ తర్వాత 5 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ వేసుకుంటుంది. మందులు కుదిరాక వేళ్ల వాపు తగ్గింది. పొద్దున్నే లేచి పిండి కలపగలుగుతోంది, జడ వేసుకోగలుగుతోంది. ఇంతలో కింది దవడ పన్ను పిప్పి పట్టింది. పన్ను తీసేయాలి, వచ్చే వారం రమ్మన్నారు దంత వైద్యులు. ‘అవి ఒంట్లో శక్తిని తగ్గించే మందులు, పన్ను పీకిన చోట పుండు మానదు’ అని తెలిసినవాళ్లెవరో చెప్పారు. ఆ వారమంతా ఆమె మందుల డబ్బా మూత తీయలేదు.

పన్ను తీశారు. గాయం మామూలుగానే మానింది. కానీ పది రోజులు తిరిగేసరికి మణికట్లు, వేళ్లు మళ్లీ వాచాయి. చేత్తో గ్లాసు పట్టుకోవడం కష్టమైంది. ఆమెకు తెలియని పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఏళ్లుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం ప్రాణం మీదకు కూడా తేవచ్చు.

ఈ కథ కల్పితమే. అందులోని పొరపాటు మాత్రం కాదు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతం, లూపస్, పేగుల్లో పుండ్లు పడే క్రోన్స్ వ్యాధి వంటి దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ జబ్బులున్న వారందరికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది.

భయం ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ జబ్బులన్నిటికీ మూలం ఒక్కటే. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి సొంత కణజాలం మీదే దాడి చేస్తుంది. కీళ్ల పొరల్లోనో, చర్మంలోనో, పేగుల్లోనో వాపు, మంట ఆరకుండా రగులుతుంటాయి. ఆ దాడిని అదుపు చేయడమే మందుల పని. రోగనిరోధక శక్తిని కొంత తగ్గించకుండా ఆ పని జరగదు.

ఇక నోరు. అది ఎప్పుడూ సూక్ష్మజీవులతో నిండి ఉండే చోటు. నోట్లో ఉండగలిగిన బ్యాక్టీరియా రకాలు కొన్ని వందలు. పన్ను తీసినప్పుడు దవడలో ఒక గుంత మిగులుతుంది. ఆ గుంత గుండా కొంత బ్యాక్టీరియా రక్తంలోకి వెళుతుంది. నిజానికి గట్టిగా బ్రష్ చేసినా, ఏదైనా గట్టిగా నమిలినా కాస్త బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో తెల్ల రక్తకణాలు, కాలేయం, ప్లీహం కలిసి దాన్ని త్వరగానే తుడిచేస్తాయి. ఆ కావలివాళ్ల జోరు మందుల వల్ల తగ్గి ఉంటే ఇన్ఫెక్షన్ వస్తుందేమోనన్న భయం అర్థం లేనిది కాదు.

అయితే త్రాసులో ఇది ఒక వైపు మాత్రమే. మందు ఆపితే జబ్బు మళ్లీ రాజుకుంటుంది. అదుపులో లేని కీళ్లవాతం కూడా ఇన్ఫెక్షన్ల ముప్పును పెంచుతుంది. పైగా తిరగబెట్టిన జబ్బును దారికి తేవడానికి తరచూ స్టెరాయిడ్ మోతాదు పెంచాల్సి వస్తుంది. గాయాలు మానడాన్ని నెమ్మదింపజేసే మందుల్లో స్టెరాయిడ్లు ముందుంటాయి. అంటే ఇన్ఫెక్షన్‌కు భయపడి మందు మానేసిన మనిషి, చివరికి ఇన్ఫెక్షన్‌కు మరింత దగ్గరగా చేరవచ్చు.

388 మంది మీద జరిగిన పరీక్ష

ఈ లెక్కను తేల్చడానికి బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉండి, ఎముకలు కీళ్ల ఆపరేషన్‌కు సిద్ధమైన 388 మందిని పరిశీలించారు. మెథోట్రెక్సేట్ వాడుతున్న వారిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపులోని 88 మంది మందు ఆపలేదు. రెండో గుంపులోని 72 మంది ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచి రెండు వారాల తర్వాత వరకు ఆపేశారు. మిగిలిన 228 మంది అసలు ఆ మందు వాడనివారు.

మందు ఆపినవారికి ఇన్ఫెక్షన్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. జరిగింది దానికి తలకిందులు. ఇన్ఫెక్షన్ లేదా ఆపరేషన్ తాలూకు ఇతర చిక్కులు మందు కొనసాగించిన 88 మందిలో ఇద్దరికే వచ్చాయి. ఆపేసిన 72 మందిలో 11 మందికి వచ్చాయి. మందే వాడని 228 మందిలో 24 మందికి వచ్చాయి. ఆరు వారాల్లోపు జబ్బు తిరగబెట్టినవారు ఆపిన గుంపులో ఆరుగురు. ఆపని గుంపులో ఒక్కరూ లేరు.

ఇలాంటి ఆధారాలతోనే అమెరికాలోని రుమటాలజీ నిపుణుల సంఘం, తుంటి మోకాలి కీళ్లు మార్చే సర్జన్ల సంఘం కలిసి 2017లో మార్గదర్శకాలు ఇచ్చాయి. 2022లో వాటిని సవరించాయి. కీలు మార్పిడి ఆపరేషన్ జరుగుతున్నా మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్, లెఫ్లునోమైడ్ మామూలుగానే కొనసాగించవచ్చని అవి చెబుతున్నాయి. ఆ మార్గదర్శకాలు రాసింది పంటి వైద్యం కోసం కాదు. అయినా తర్కం స్పష్టమే. మోకాలి కీలు మొత్తం మార్చేటప్పుడే ఆపనక్కర్లేని మందును పళ్లు శుభ్రం చేయించుకోవడానికో, రూట్ కెనాల్‌కో, ఒక పన్ను తీయించుకోవడానికో సొంతంగా ఆపడంలో అర్థం లేదు.

వారం ఆపితే ఒంట్లోంచి పోతుందా?

భౌతికశాస్త్రంలో రేడియోధార్మిక పదార్థాల గురించి చదివినవారికి ‘అర్ధాయువు’ అనే మాట గుర్తుండే ఉంటుంది. ఉన్న పదార్థంలో సగం తరిగిపోవడానికి పట్టే కాలమే అర్ధాయువు. మందులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఒక అర్ధాయువు గడిస్తే సగం మిగులుతుంది, రెండు గడిస్తే పావు భాగం. ఐదు గడిచాక మిగిలేది సుమారు 3 శాతమే. మందు ఒంట్లోంచి దాదాపుగా పోయిందని అప్పుడు అనుకోవచ్చు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ అర్ధాయువు దాదాపు 40 రోజులు. దాన్ని వారం రోజులు ఆపితే దాదాపు 88 శాతం ఒంట్లోనే ఉంటుంది. లెఫ్లునోమైడ్ శరీరంలో మారి పనిచేసే రూపానికి అర్ధాయువు సుమారు రెండు వారాలు. వారం ఆపినా 70 శాతం పైగా మిగులుతుంది. అంటే వారం రోజుల విరామంతో ఆశించిన రక్షణ దక్కదు. మందు వేసుకునే అలవాటు మాత్రం తప్పుతుంది. పన్ను నొప్పి, పత్యం, కొత్త మాత్రల హడావుడిలో పాత మందు మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోయేవారూ ఉంటారు.

మెథోట్రెక్సేట్ సంగతి ఇంకాస్త చిత్రమైనది. కీళ్లవాతానికి ఇచ్చే చిన్న మోతాదులో అది రక్తంలోంచి కొన్ని గంటల్లోనే తరిగిపోతుంది. కానీ కణాల లోపలికి చేరిన భాగం గ్లుటామేట్ అణువుల గొలుసు తగిలించుకుని వారాల తరబడి అక్కడే ఉండిపోతుంది. వారానికి ఒక్కసారి వేసుకుంటే సరిపోవడానికి ఒక కారణం అదే.

మెథోట్రెక్సేట్, నోటిపూత

ఈ మందుకు తెలుగు నేలతో గట్టి బంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పరిశోధనలు నడిపించారు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనికి అడ్డుపడే అణువులను ఆయన బృందం తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోటెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు చికిత్స చేసి, ఆ ఫలితాలను 1948లో ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. అమినోటెరిన్‌కు తోబుట్టువు లాంటిదే మెథోట్రెక్సేట్. ఈ కుటుంబానికి చెందిన మందు కీళ్లవాతాన్ని, సోరియాసిస్‌ను తగ్గిస్తుందని 1951లోనే గమనించారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1988లో అనుమతి ఇచ్చింది.

ఫోలిక్ ఆమ్లం కొత్త కణాల తయారీకి అవసరం. నోటి లోపలి పొర చాలా వేగంగా కొత్త కణాలను పుట్టించుకునే భాగం. అందుకే మెథోట్రెక్సేట్ ప్రభావం ఎక్కువైతే తొందరగా బయటపడే చోట్లలో నోరు ఒకటి. పూత పూస్తుంది, పుండ్లు పడతాయి, కారం తగిలితే భరించలేని మంట పుడుతుంది. దీన్ని తగ్గించడానికే వైద్యులు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు.

ఇక్కడే దంత వైద్యులకూ, రోగికీ ఒక హెచ్చరిక ఉంది. వారానికోసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతింటుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ప్రాణాలు పోయిన ఘటనలు ప్రపంచమంతటా నమోదయ్యాయి. అలాంటి మనిషి మొదట దంత వైద్యుల దగ్గరకే రావచ్చు, నోటి నిండా పుండ్లతో. పూత మీద రాసుకునే జెల్ ఇచ్చి పంపేస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. మెథోట్రెక్సేట్ వాడేవారికి నోరంతా పూసినా, దానికి తోడు జ్వరం వచ్చినా, చిగుళ్ల నుంచి అకారణంగా రక్తం కారినా అదే రోజు వైద్యులకు చెప్పి, రక్తకణాల లెక్క, కిడ్నీ, కాలేయ పరీక్షలు చేయించుకోవాలి. మందుల చీటీ మీద మాత్ర పేరుతో పాటు వేసుకునే వారం పేరు కూడా రాయించుకోవడం చిన్న పనే. అది కాపాడేది మాత్రం ప్రాణాన్ని.

ఒక్కసారిగా ఆపకూడని మందు

1948 సెప్టెంబరులో అమెరికాలోని మాయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక మహిళకు మొదటిసారి కార్టిసోన్ ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్, టాడియస్ రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి దక్కింది. స్టెరాయిడ్ శక్తితో పాటు దాని పట్టు ఎలాంటిదో కూడా ఆ తర్వాతి ఏళ్లలో తెలిసొచ్చింది.

మన కిడ్నీల పైన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోనును తయారు చేస్తాయి. రక్తపోటు పడిపోకుండా, చక్కెర తగ్గిపోకుండా, దెబ్బ తగిలినప్పుడు శరీరం తట్టుకునేలా చూసేది ఆ హార్మోనే. ప్రెడ్నిసోలోన్ దాదాపు అదే పని చేస్తుంది. బయటి నుంచి రోజూ అందుతుంటే మెదడు ‘ఇంకేం, కావలసినంత ఉంది’ అనుకుని గ్రంథులకు ఆదేశాలు పంపడం మానేస్తుంది. కొన్ని వారాలు మించి వాడితే గ్రంథులు నిద్రలోకి జారుకోవచ్చు.

ప్రెడ్నిసోలోన్ రక్తంలోంచి కొన్ని గంటల్లో తరిగిపోతుంది. నిద్రపోయిన గ్రంథి లేవడానికి మాత్రం నెలలు పట్టవచ్చు. ఈ రెండింటి మధ్య ఖాళీలోనే ప్రమాదం ఉంది. మాత్ర ఆపేసి, పన్ను తీయించుకునే ఒత్తిడికి లోనైతే శరీరానికి అవసరమైన కార్టిసాల్ ఎక్కడా దొరకదు. విపరీతమైన నీరసం, వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం, రక్తపోటు పడిపోవడం దాని లక్షణాలు. తక్షణం ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన స్థితి అది.

అందుకే ఇక్కడ నియమం సూటిగా ఉంటుంది. పంటి వైద్యం రోజున కూడా స్టెరాయిడ్ మాత్ర మామూలు వేళకే, తిన్న తర్వాత వేసుకోవాలి. చిగుళ్లకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేసే సాధారణ చికిత్సలకు, కీళ్లవాతానికి చిన్న మోతాదు వాడేవారిలో చాలామందికి రోజువారీ మాత్రే సరిపోతుంది. పూర్తి మత్తు ఇచ్చి చేసే పెద్ద దవడ ఆపరేషన్ అయినా, అడ్రినల్ గ్రంథుల జబ్బే ఉన్నా, ముందుగా మోతాదు పెంచాలా అన్నది వైద్యులు నిర్ణయిస్తారు. అపాయింట్‌మెంట్ పొద్దున పూట పెట్టుకుంటే మంచిది. ఏదైనా తేడా కనిపిస్తే చూడటానికి పగలంతా ఉంటుంది.

మరో చిక్కు ఉంది. తాము స్టెరాయిడ్ వాడుతున్నట్టు కొందరికి తెలియదు. కీళ్ల నొప్పులకని అమ్మే పేరు లేని పొడులు, మాత్రల్లో స్టెరాయిడ్ కలిసి ఉన్న ఉదంతాలు మన దేశంలో పరీక్షల్లో బయటపడ్డాయి. కాబట్టి దంత వైద్యులు అడిగినప్పుడు ఇంగ్లిషు మందులతో పాటు ఆ పొట్లాల సంగతి కూడా దాచకుండా చెప్పాలి.

ఇంజెక్షన్లు వాడేవారి సంగతి

గత పాతికేళ్లలో బయోలాజిక్స్ అనే కొత్త తరం మందులు వచ్చాయి. అడాలిముమాబ్, ఎటానర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, టోసిలిజుమాబ్, రిటుక్సిమాబ్ ఈ కోవకు చెందినవి. ఇన్‌ఫ్లమేషన్‌ను నడిపించే ఒక్కో సంకేత ప్రోటీన్‌నో, కణాన్నో గురి చూసి ఇవి అడ్డుకుంటాయి. కీలు మార్పిడి వంటి పెద్ద ఆపరేషన్లకు ముందు వీటిని తాత్కాలికంగా ఆపాలని పైన చెప్పిన మార్గదర్శకాలే సూచిస్తున్నాయి.

అయితే ఆ పద్ధతిలో ఒక తెలివైన లెక్క ఉంది. మందు పూర్తిగా పోయేదాకా ఎదురు చూడరు. అడాలిముమాబ్ అర్ధాయువు సుమారు రెండు వారాలు. పూర్తిగా పోవాలంటే పది వారాలు ఆగాలి, అంతలో జబ్బు విజృంభిస్తుంది. అందుకని ఒక డోసు చక్రం ముగిసే సమయానికి, అంటే తర్వాతి ఇంజెక్షన్ వేళకు ఆపరేషన్ పెట్టుకుంటారు. ఆ ఒక్క ఇంజెక్షన్‌ను వాయిదా వేసి, గాయం మానుతున్నట్టు కనిపించాక, సాధారణంగా రెండు వారాలకు, మళ్లీ మొదలుపెడతారు.

పళ్లు శుభ్రం చేయడం, సిమెంట్ నింపడం, రూట్ కెనాల్ వంటి వాటికి సాధారణంగా ఇంజెక్షన్ ఆపాల్సిన పని ఉండదు. నాలుగైదు పళ్లు ఒకేసారి తీయాల్సి వచ్చినా, ఎముక కోసి జ్ఞానదంతం తీయాల్సి వచ్చినా, ఇంప్లాంట్లు పెట్టాల్సి వచ్చినా పైన చెప్పిన లెక్క అక్కరకొస్తుంది. తొందర లేని చికిత్సను రెండు ఇంజెక్షన్ల మధ్య అనువైన రోజుకు జరుపుకోవచ్చు. మందును కదపకుండా అపాయింట్‌మెంట్‌ను కదపడం అన్నమాట.

టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ వంటి జాక్ నిరోధక మాత్రలది వేరే వేగం. టోఫాసిటినిబ్ అర్ధాయువు మూడు గంటలే. అందుకే పెద్ద ఆపరేషన్‌కు ముందు మూడు రోజులు ఆపితే చాలని 2022 సవరణ చెప్పింది. ఒకే జబ్బుకు వాడే మందుల్లో ఒకదాని అర్ధాయువు మూడు గంటలు, మరొకదానిది 40 రోజులు. ‘ఒక వారం అన్నీ ఆపేయండి’ అనే సలహా ఎందుకు తప్పో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఎముకల మందు మరిచిపోవద్దు

స్టెరాయిడ్లు ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి. దాన్ని అడ్డుకోవడానికి వారానికోసారి అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికోసారి జోలెడ్రోనిక్ ఆమ్లం, ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ ఇంజెక్షన్ వంటివి ఇస్తారు. కీళ్లవాతం మందుల జాబితా చెప్పేటప్పుడు రోగులు తరచూ మరిచిపోయేవి ఇవే. దంత వైద్యులు తప్పనిసరిగా తెలుసుకోవాల్సినవీ ఇవే.

ఎముక ఎప్పటికప్పుడు తనను తాను తవ్వుకుంటూ, పూడ్చుకుంటూ ఉంటుంది. ఈ మందులు తవ్వకాన్ని తగ్గిస్తాయి. పన్ను తీసిన చోట దవడ ఎముక మానాలంటే మాత్రం ఆ తవ్వకం, పూడిక రెండూ జరగాలి. అవి మందగిస్తే అరుదుగా దవడ ఎముక బయటపడి, ఎనిమిది వారాలు దాటినా పూడకుండా ఉండిపోతుంది. ఈ సమస్యను 2003లో మొదట వైద్య లోకం దృష్టికి తెచ్చినవారు అమెరికా దవడ సర్జన్ రాబర్ట్ మార్క్స్. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులు వాడేవారిలో ముప్పు ఎక్కువ. ఎముకల గుల్లతనానికి మాత్రలు వాడేవారిలో ఇది పది వేల మందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి మాత్రమే వస్తుందని అంచనా. స్టెరాయిడ్ కూడా వాడుతుంటే ముప్పు కొంత పెరుగుతుంది.

అలెండ్రోనేట్ ఎముకలో ఇంకిపోయి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పది రోజులు ఆపినంత మాత్రాన దవడలోని మందు తగ్గదు. డెనోసుమాబ్ దీనికి పూర్తిగా వేరు. దాని ప్రభావం ఆరు నెలలు దాటగానే వేగంగా దిగిపోతుంది. ఇంజెక్షన్ ఆలస్యమైతే ఎముక నష్టం ఒక్కసారిగా ఎగబాకి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. కాబట్టి డెనోసుమాబ్ దాటవేయకుండా, చివరి ఇంజెక్షన్ తర్వాత మూడు నాలుగు నెలలకు పన్ను తీయించుకునేలా చూస్తారు. అన్నిటికంటే మేలైన దారి మరొకటి ఉంది. ఈ మందులు మొదలుపెట్టక ముందే పళ్లన్నీ చూపించుకుని, తీయాల్సినవి తీయించుకోవడం.

పాత మందు సరే, కొత్త మందు?

పాత మందులు ఆపాలా అన్న చర్చలో పడి, దంత వైద్యం తర్వాత చేతికొచ్చే కొత్త చీటీని చాలామంది పట్టించుకోరు. అసలు తిరకాసు అక్కడ ఉండవచ్చు.

మొదటిది నొప్పి మాత్ర. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కీళ్లవాతానికీ ఇస్తారు, పంటి నొప్పికీ ఇస్తారు. పేర్లు వేరుగా ఉన్నా అవి ఒకే కుటుంబానివి. రెండు చీటీలూ కలిసి ఒకే రకం మందు రెట్టింపు అయితే కడుపులో పుండ్లు పడవచ్చు, కిడ్నీల మీద భారం పడవచ్చు. స్టెరాయిడ్ తోడైతే కడుపులో రక్తస్రావం ముప్పు ఇంకా పెరుగుతుంది. కిడ్నీల పని తగ్గితే మెథోట్రెక్సేట్ బయటకు పోక పేరుకుంటుంది. పేగు జబ్బులున్న కొందరిలో ఈ మాత్రలు జబ్బును రేపుతాయి. వైద్యులు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలామందికి క్షేమకరం.

రెండోది యాంటీబయోటిక్. మెథోట్రెక్సేట్ వాడేవారు ముఖ్యంగా తప్పించుకోవాల్సినది కోట్రైమోక్సజోల్. రెండూ ఫోలిక్ ఆమ్లం దారికే అడ్డుపడతాయి కాబట్టి ఎముక మజ్జ కుప్పకూలవచ్చు. అమోక్సిసిలిన్ కూడా మెథోట్రెక్సేట్ కిడ్నీల ద్వారా బయటకు పోవడాన్ని కొంత తగ్గించగలదు. వయసు మళ్లినవారికి, కిడ్నీ సమస్య ఉన్నవారికి ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఇవ్వాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్, అజిత్రోమైసిన్ రెండూ గుండె విద్యుత్ లయను ప్రభావితం చేయగలవు. గుండె జబ్బున్నవారిలో ఆ జంటకు జాగ్రత్త అవసరం. సైక్లోస్పోరిన్ వాడేవారికి ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ ఇస్తే రక్తంలో సైక్లోస్పోరిన్ మోతాదు ఎగబాకుతుంది. నోట్లో ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్ కూడా టోఫాసిటినిబ్ స్థాయిని పెంచుతుంది.

ఇంకో గందరగోళం పేరులో ఉంది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వేరు, రుమాటిక్ గుండె జబ్బు వేరు. రెండోది చిన్నతనంలో వచ్చిన గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత గుండె కవాటాలను దెబ్బతీసే జబ్బు. కృత్రిమ కవాటం అమర్చుకున్నవారు, గతంలో గుండె లోపొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవారు, కొన్ని రకాల పుట్టుక లోపాలున్నవారు పన్ను తీయించుకునే ముందు ముందస్తు యాంటీబయోటిక్ తీసుకోవాలి. కీళ్లవాతం ఉన్నంత మాత్రాన ఆ అవసరం రాదు.

జ్వరం లేని చీము

ఇంతదాకా చెప్పినది మందులు ఆపకపోవడం గురించి. నిపుణులు తాత్కాలికంగా ఆపమనే సందర్భమూ ఒకటుంది. పంటి కింద చీము పట్టి, ముఖం వాచి, జ్వరం వచ్చినప్పుడు. తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నన్నాళ్లూ మెథోట్రెక్సేట్‌ను, బయోలాజిక్‌ను ఆపమని వైద్యులు చెప్పవచ్చు. స్టెరాయిడ్‌ను మాత్రం అప్పుడు కూడా ఆపరు, అవసరమైతే పెంచుతారు.

చిక్కేమిటంటే ఈ మందులు ఇన్ఫెక్షన్‌ను కనబడనీయవు. జ్వరం, వాపు, ఎరుపు అనేవి రోగనిరోధక వ్యవస్థ పుట్టించే సంకేతాలే. ఆ వ్యవస్థనే అణచివేసినప్పుడు అవీ బలహీనపడతాయి. టోసిలిజుమాబ్ అడ్డుకునే ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతం లేకపోతే కాలేయం సీఆర్పీ అనే ప్రోటీన్‌ను సరిగా తయారు చేయదు. లోపల చీమున్నా రక్తపరీక్షలో సీఆర్పీ మామూలుగానే కనిపించవచ్చు. కాబట్టి జ్వరం లేదు కదా అని పంటి నొప్పిని నెట్టుకురావడం వీరికి తగదు. నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, వాపు మెడలోకి దిగినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

పంటి నుంచి కీలుకు

మందులకు భయపడి దంత వైద్యాన్నే వాయిదా వేసేవారూ ఉన్నారు. అది ఇంకా పెద్ద పొరపాటు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నవారిలో చిగుళ్ల జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. చిగుళ్లను తినేసే పార్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా దగ్గర ఒక ప్రత్యేక ఎంజైము ఉంది. అది ప్రోటీన్లలోని ఆర్జినీన్‌ను సిట్రులీన్‌గా మార్చగలదు. ఇలా మారిన ప్రోటీన్ల మీద తయారయ్యే ప్రతిరక్షకాలే కీళ్లవాతం నిర్ధారణకు వైద్యులు చేయించే యాంటీ సీసీపీ పరీక్షలో కనిపిస్తాయి. ఈ జబ్బు తొలి అడుగులు చిగుళ్లలోనూ పడవచ్చన్న ఆలోచన అక్కడి నుంచే పుట్టింది.

జబ్బు కూడా నోటిని వదలదు. దానికి తోడుగా వచ్చే షోగ్రెన్స్ సమస్యలో లాలాజలం ఎండిపోయి పళ్లు త్వరగా పిప్పి పడతాయి. వేళ్లు వంగిపోయినవారికి బ్రష్ పట్టుకోవడమే కష్టం. బ్రష్ పిడికి గుడ్డ చుట్టి లావుగా చేసుకోవడం, ఆరు నెలలకోసారి పళ్లు చూపించుకోవడం వీరికి మందుల్లో భాగమే అనుకోవాలి. చిన్న పుచ్చుగా ఉన్నప్పుడు సిమెంట్ పెట్టించుకుంటే పన్ను తీయాల్సిన అవసరమూ రాదు, మందుల గురించి ఈ తర్జనభర్జనా ఉండదు.

కుర్చీ ఎక్కే ముందు

కీళ్ల వైద్యులు ఒక ఊళ్లో, దంత వైద్యులు మరో ఊళ్లో ఉండటం మన దగ్గర మామూలే. ఒకరి చీటీ ఒకరికి కనబడదు. ఆ రెండు చీటీలను కలపగలిగింది రోగి, లేదా తోడుగా వచ్చే ఇంటివాళ్లు. అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. ఒక కాగితం చాలు.

ఆ కాగితం మీద ప్రతి మందు పేరు, మోతాదు, రోజూనా వారానికోసారా అన్నది, చివరి ఇంజెక్షన్ తేదీ, తర్వాతి తేదీ ఉండాలి. ఎముకల మందు, రక్తం పల్చబడే మందు, షుగర్ మాత్రలు, ఊరి మందులు కూడా రాయాలి. గత ఏడాదిలో స్టెరాయిడ్ వాడారా అన్నది వేరే గీతలో రాసుకోవాలి. ఇటీవలి రక్త పరీక్ష కాగితం జత చేయాలి. మాత్రల షీట్లన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లినా సరే.

దంత వైద్యులను అడగాల్సినవి మూడు. చేసేది చిన్న చికిత్సా, ఎముక దాకా వెళ్లే ఆపరేషనా? రాసిన కొత్త మాత్రలు ఈ కాగితంలోని వాటితో సరిపడతాయా? గాయం ఎన్నాళ్లలో మానాలి, మానకపోతే ఎవరికి చెప్పాలి? ఎవరైనా మందు ఆపమంటే అడగాల్సినవి రెండు. ఏ మందు, ఎన్నాళ్లు? మళ్లీ మొదలుపెట్టేది ఏ తేదీన? ఆ తేదీని అదే కాగితం మీద రాయించుకోవాలి.

మొదట ఊహించుకున్న గృహిణి చేతిలో ఇలాంటి కాగితం ఉండి ఉంటే ఆమె వారం మరోలా గడిచేది. పొద్దున టిఫిన్ తిని, ప్రెడ్నిసోలోన్ వేసుకుని, పన్ను తీయించుకుని ఇంటికొచ్చేది. ఆదివారం రాత్రి ఎప్పటిలాగే మెథోట్రెక్సేట్ వేసుకునేది. గుంత మానేది. పొద్దున్నే లేచి పిండి కూడా కలిపేది.